తువ్వాల కింద ఓటు

తిరిగొచ్చి వారమైంది. ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరూ అడిగేది ఒక్కటే: "గద్వాల వెళ్లావు కదా, చీరేదీ?" గద్వాల దాకా వెళ్లి చీర లేకుండా వచ్చిన ఆడదాన్ని బహుశా నేనొక్కదాన్నే. నేను తెచ్చింది మూడు కాగితం చీటీలు, అద్దం లేని ఫొటో ఫ్రేమొకటి, కాస్త అజీర్తి. ఈ మూడింటి వెనకా ఒకే కథ ఉంది. చీర గురించి అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

నా ఉద్యోగం ఓటు పెట్టెలు తయారుచేయడం. లక్షల మంది ఓటేసే పెద్ద ఎన్నికలకు ఎప్పటికైనా పనికొచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె ఒకటి తయారుచేయాలని మా చిన్న సంస్థ రెండేళ్లుగా కిందామీదా పడుతోంది. నొక్కిన ఓటు మారకూడదు, పోకూడదు, ఎవరూ బయటి నుంచి లోపలికి దూరకూడదు. వీటికోసం పెట్టెలో వేయని తాళం లేదు. అన్నిటికన్నా నాకు ముద్దొచ్చే ఏర్పాటు మాత్రం రసీదు. ఓటేయగానే ఒక చీటీ పెట్టెలో పడుతుంది, అలాంటిదే ఇంకొకటి ఓటరు చేతికొస్తుంది. దాని మీద ఎవరికి ఓటేశారో బొమ్మతో సహా ఉంటుంది. నా ఓటు నేననుకున్నవాళ్లకే పడిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? ఆ ఆలోచన నాదే. మా డైరెక్టరుగారికి అది నాకన్నా ఎక్కువ నచ్చింది.

"మూడు ఊళ్లలో నమూనా పోలింగు పెట్టండి. మూడో ఊరికి నేనే వచ్చి చూస్తాను. జనం నమ్మితే ముందుకెళ్దాం, లేకపోతే పెట్టె అటకెక్కినట్టే" అన్నారాయన. రెండేళ్ల కష్టం మూడు రోజుల చేతిలో పడింది.

పార్టీల గుర్తుల్లాంటివి పెడితే కొట్లాటలవుతాయని అభ్యర్థులుగా టిఫిన్లను నిలబెట్టాం. జొన్నరొట్టె, ఇడ్లీ, ఉగ్గాని. టిఫిన్ల మీద ఎవరు కొట్టుకుంటారులే అనుకున్నాను. నేను గోదావరి జిల్లాదాన్ని. తిండి దగ్గర మావాళ్లు చేసే రభస చూస్తూ పెరిగి కూడా అలా అనుకున్నానంటే నా తెలివిని ఏమనాలి!

గద్వాల

పెట్టెనీ నన్నూ కారులో ఎక్కించుకుని శుక్రవారం పొద్దున హైదరాబాదు నుంచి బయల్దేరినవాడు అంజన్న. యాభై దాటిన డ్రైవరు, వనపర్తి మనిషి. దారిపొడుగునా పెట్టె గురించి చెప్పిందంతా విని చివరికి, "మంచిగనే ఉన్నది మేడం. గని మా దిక్కు జనం మీ పెట్టెకంటె హుషారు" అన్నాడు. నేను చిన్నగా నవ్వి ఊరుకున్నాను. అలా నవ్వినందుకు తర్వాత మూడు రోజులు సిగ్గుపడ్డాను.

గద్వాలలో కోటకు వెళ్లే దారిలో తిమ్మప్ప హోటలు ముందు బల్ల వేశాం. తిమ్మప్పది భారీ విగ్రహం. రాయచూరు వైపు నుంచి వచ్చేవాళ్లను "బర్రి, బర్రి" అని కన్నడంలో, మనవాళ్లను "రాండ్రి" అని తెలుగులో, నన్ను "కూసోండ్రి మేడం" అని మర్యాదలో పిలిచాడు. ముందు తినమన్నాడు. ఉగ్గాని అంటే బొరుగులను నీళ్లలో ముంచి పిండి, పచ్చిమిర్చీ ఉల్లిపాయా వేసిన పోపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లేది. పక్కన మిరపకాయ బజ్జీలు తప్పనిసరి. ప్లేటు ముప్పై రూపాయలు. మా ఇంట్లో వీటిని మరమరాలంటాం, డబ్బాలో పోసి పైఅరలో పెట్టి మర్చిపోతాం. వాటికి ఇంత రాజయోగం ఉందని తెలియక నలభై ఆరేళ్లు బతికేశాను. రెండో ప్లేటు కూడా తిన్నాను. అజీర్తికి అక్కడే శంకుస్థాపన జరిగింది.

పోలింగు మొదలైన అరగంటకల్లా వరస వీధి మలుపు దాటింది. నా గుండె ఉప్పొంగింది. ఓటేసినవాళ్లంతా చీటీ పట్టుకుని నేరుగా హోటల్లోకి నడుస్తుంటే, పాపం ఆకలిమీద ఉన్నారు కాబోలు అనుకున్నాను. ఇంతలో ఒక పెద్దాయన వెనక్కి వచ్చి చీటీ బల్ల మీద పెట్టాడు.

"మేడం, నాకు ఇడ్లీ చీటీ వచ్చింది. జర మార్చియ్యి."

"మీరు ఇడ్లీకి వేస్తే ఇడ్లీ చీటీయే వస్తుందండీ."

"నాకు ఇడ్లీనే ఇష్టం. అయితేంది? ఇడ్లీ చీటీకి బజ్జీ ఇయ్యడంట."

లోపలికి పరుగెత్తాను. గల్లా దగ్గర తిమ్మప్ప ఉగ్గాని చీటీలన్నీ ఇనపచువ్వకు గుచ్చుతున్నాడు. చీటీ ఇచ్చినవాడికి ఆకులో రెండు వేడి బజ్జీలు. గట్టిగానే అడిగాను, ఇదేం పని అని. ఆయన ముఖంలో తప్పు చేసిన ఛాయ కూడా లేదు.

"నా హోటల్ల ఉగ్గాని ఓడిపోతె నాకు ఇజ్జత్ ఉంటదా మేడం? ఇదివరకైతె బజ్జీ పెట్టి, దేవుని మీద భారమేసి కూసునేది. తిన్నోడు దేనికి గుద్దిండో మనకెట్ల తెలుస్తది? ఇప్పుడు మీరే చీటీ ఇస్తున్నరు. చూస్త, పెడ్త. మీ మిషిను శానా మంచిగున్నది."

రెండేళ్లపాటు దొంగ తీగల్లోంచి వస్తాడనీ, కంప్యూటర్లోంచి వస్తాడనీ తాళాల మీద తాళాలు వేశాను. వాడు బజ్జీల ప్లేటుతో ముందు గుమ్మంలోంచే వచ్చాడు. తలుపు తీసి పట్టుకున్నది నేనే.

ఉగ్గాని బ్రహ్మాండమైన మెజారిటీతో గెలిచింది. డైరెక్టరుగారు ఫోను చేసి, "గెలుపోటములు వదిలేయండి. రసీదు పనిచేసిందా?" అని అడిగారు.

"చాలా బాగా పనిచేసింది సార్" అన్నాను. అది అబద్ధం కాదు.

పెబ్బేరు సంత

మర్నాడు శనివారం. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి వనపర్తి వెళ్లే దారిలోనే పెబ్బేరు, ఆ రోజే పశువుల సంత. నాకు సంత చూడాలని లేదు, రాత్రంతా నిద్ర పట్టక చిరాగ్గా ఉంది. "బజ్జీల ముచ్చట మర్చిపోతరు, దిగుండ్రి మేడం" అని అంజన్న బలవంతం చేశాడు.

ఎటు చూసినా ఎడ్లు, కోడెలు, గొర్రెలు, మధ్యలో మనుషులు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద తువ్వాల కప్పుకుని, మాటా పలుకూ లేకుండా ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకుంటున్నారు. తువ్వాల కింద ఏదో కదులుతోంది. అది బేరమట. వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఇరవై మంది నిలబడి ఉన్నా ఒక్కడికీ అంకె తెలియదు.

నాకు ఉత్సాహం ఆగలేదు. బాలయ్య అనే ముసలి దళారిని పట్టుకుని నేర్పమన్నాను. ఆయన తన ఎర్ర తువ్వాల నా చేతి మీద వేసి, వేళ్లు ఒక్కొక్కటే పట్టి చూపించాడు. ఇన్ని వేళ్లు పడితే ఇంత, సగం పడితే ఇంత. అర్థమైందన్నట్టు నేను కూడా ఆయన వేళ్లు గట్టిగా నొక్కాను. ఆయన తువ్వాల లాగి భుజాన వేసుకుని, పక్కవాడితో, "తెగింది, తోలు" అన్నాడు. ఒక నల్ల పొట్టేలు తాడు నా చేతికొచ్చింది.

"మేడం, డిక్కీల పెట్టె ఉన్నది. పొటేలు ముందర సీట్ల కూసుంటదా?" అన్నాడు అంజన్న, ముఖం ఎంతో గంభీరంగా పెట్టి.

తప్పించుకోవడానికి చుట్టూ ఉన్న ఆరుగురికీ చాయ్ తాగించాల్సి వచ్చింది. పొట్టేలు కూడా నాకేసి చులకనగా చూసింది. చాయ్ తాగుతూ బాలయ్యను ఒక మాట అడిగాను.

"తాతా, బేరం ఎంతకు తెగిందని ఇంటికెళ్లాక ఎవరైనా అడిగితే?"

"ఎవరికి ఏది ఇంపుగుంటదో అదే చెప్తం. పెండ్లాం అడిగితె ఒకటి, పక్కింటోడు అడిగితె ఒకటి."

"నమ్మకపోతే?"

ఆయన రెండు చేతులూ చాపి, అటూ ఇటూ తిప్పి చూపించాడు. "చూసుకోమంట. చేతిల ఏముంటది బిడ్డా?"

నవ్వుకుని కారెక్కాను. ఆ మాట విలువ అప్పటికి తెలియలేదు.

వనపర్తి

వనపర్తిలో అంజన్న అక్క సాయమ్మ ఇంట్లో భోజనం. మమ్మల్ని చూడగానే కోడలు శివమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు మొదలుపెట్టింది. జొన్నపిండి ముద్దను అరచేత్తో తడుతూ తిప్పుతూ ఉంటే అది చంద్రబింబంలా పెరుగుతుంది. ఆ చప్పుడు వింటూ కూర్చోవడం హాయి, ఎందుకంటే తట్టేది నేను కాదు. పుంటికూర పప్పు, పచ్చి ఉల్లిగడ్డ, ఎర్రకారం. మేము గోంగూర అనేదే వీళ్ల పుంటికూర. మా గోంగూరే గొప్పదని ఒక మాట అన్నాను. నా పళ్లెంలో ఇంకో గరిటె పప్పు వేసి సాయమ్మ, "తిను, తిన్నంక మాట్లాడు" అంది. తిన్నాక మాట్లాడలేదు.

సాయమ్మకు డెబ్బై ఏళ్లుంటాయి. నలభై ఏళ్లు ఈ ఇంట్లో రొట్టె తట్టిన చెయ్యి తనదని చెప్పింది. చెబుతూనే తన రొట్టెను తుంపి, పప్పులో వేసి, అది మెత్తబడేదాకా వేలితో మెదుపుతూ కూర్చుంది. మేమంతా చేతులు కడుక్కున్నాక ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఆ వాడకట్టు వాళ్లందరినీ పిలిచి సాయమ్మ ఇంటి అరుగు మీదే పోలింగు పెట్టాం. ఇక్కడ హోటలు లేదు, బజ్జీలు లేవు, కాబట్టి ప్రమాదం లేదనుకున్నాను. శివమ్మ ఓటేసి, చీటీ చీర మడతలో దోపుకుని, ఇంట్లోకి వెళ్లబోయింది. గడపలో సాయమ్మ కూర్చుని ఉంది.

"ఏది గుద్దినవే?"

"ఏదో ఒకటిలే అత్తా."

"చీటీ ఇచ్చిండ్రు గద. చూపియ్యి."

చూపించక తప్పలేదు. ఉగ్గాని.

"నలభై ఏండ్ల సంది ఈ ఇంట్ల పొద్దుగాల రొట్టె తప్ప వేరేది ఎరగం. వాడకట్టు అందరి ముందర నా రొట్టెనే ఓడగొడ్తవా?" అని సాయమ్మ గొంతు పెంచింది. అరుగు మీద ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. శివమ్మ తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఓటేసిన ఆడవాళ్లందరూ, ఒక్కరు తప్పకుండా, రొట్టెకే వేశారు.

పెరట్లో నాకు నీళ్లందిస్తూ శివమ్మ మెల్లగా అంది: "రొట్టె మీద నాకేం కోపం లేదు మేడం. పొద్దుగాల ఐదింటికి కూసుంటె పదిహేను రొట్టెలైతయి. ఒక్క పూటన్న చాయ్ తాగుకుంట కూసోవాలనిపించింది. ఉగ్గాని బొమ్మ కనబడె, ఒత్తిన. మీరు ఆ చీటీ ఇయ్యకుంటె ఈ లొల్లి లేకుండె."

నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు. ఆమె ఇష్టాన్ని తప్పు పోకుండా లెక్కపెట్టే పెట్టె చేశాను. ఆ ఇష్టాన్ని ఊరి ముందు ఆరబెట్టిందీ నా పెట్టే. రేపటి పోలింగులో డైరెక్టరుగారు చీటీ చూసి మురిసిపోతారు, ఆ చీటీతోనే పెట్టె ముందుకెళ్తుంది. అలా వెళ్తే ఎన్ని గడపల్లో ఎందరు శివమ్మలు చీటీ చూపించాల్సి వస్తుందో తలుచుకుని, కారు తీయమని అంజన్నకు చెప్పాను.

"చీటీ తీసేస్తె అయిపోతది గద మేడం" అన్నాడు కారులో అంజన్న.

"తీసేస్తే డైరెక్టరుగారు పెట్టెనే తీసేస్తారు. పైగా మీ అక్కకు చీటీ అలవాటైపోయింది. ఇంకో పోలింగులో లేదంటే, ఎక్కడ దాచావని కోడల్ని అడుగుతుంది."

ఆ మాట అంటుండగానే బాలయ్య చాపిన చేతులు కళ్లముందుకొచ్చాయి. ఎవరికి ఏది ఇంపుగా ఉంటే అదే చెప్తాం. చేతిలో ఏముంటుంది?

"అంజన్నా, ఫొటో ఫ్రేముల షాపు దగ్గర ఆపండి" అన్నాను.

అద్దం

షాపాయన అడిగిన మొదటి ప్రశ్న: "ఉన్నోళ్లదా, పోయినోళ్లదా?" పోయినవాళ్లదైతే దండకు కొక్కెం ఫ్రీయట.

"ఎవరిదీ కాదు. నాకు అద్దం చాలు."

"అద్దం ఒక్కటే అమ్మం. ఫ్రేము మొత్తం తీసుకోవాలె. నూటయాభై."

తీసుకున్నాను. పెట్టె మూతకు కిటికీ కోయించి ఆ అద్దం బిగించాం. అరచేతిని అడ్డం పెట్టుకుని చూస్తే లోపల పడే చీటీ ఓటరు ఒక్కరికే కనిపిస్తుంది. అదే అసలు ఓటు, లెక్కకు వచ్చేది అదే. ఆ తర్వాత తెర మీద ఒక ప్రశ్న రావాలి: మీ చేతికి ఏ చీటీ కావాలి? ఏది నొక్కితే అది ఇవ్వాలి. రొట్టెకు ఓటేసి ఇడ్లీ చీటీ తీసుకోవచ్చు. సాయంత్రమంతా లాడ్జి వరండాలో కూర్చుని ఆ ఒక్క ప్రశ్నను పెట్టెకు నేర్పాను. బాగా రాత్రయ్యేసరికి నేర్చుకుంది. మనుషులకు పుట్టుకతో వచ్చేదాన్ని యంత్రానికి నేర్పడానికి నాకు నాలుగు గంటలు పట్టింది.

డైరెక్టరుగారు ఫోనులో, "రేపు చీటీ వస్తుంది కదా?" అన్నారు.

"ఎన్ని కావాలంటే అన్ని వస్తాయి సార్" అన్నాను.

నాగర్‌కర్నూల్

డైరెక్టరుగారు కొత్త టోపీ పెట్టుకుని పొద్దున్నే ఫంక్షన్ హాలుకు వచ్చేశారు. అప్పటికే బస్టాండు దగ్గర నాలుగు ఇడ్లీలు తిని, ఇడ్లీ అంటే తనకెంత ప్రాణమో కనపడ్డవాళ్లందరికీ చెప్పారు. జనం తక్కువైతే బాగుండదని అంజన్న వనపర్తికి ఫోను కొట్టాడు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా, సాయమ్మా శివమ్మా గంటన్నరలో దిగారు. ఆ బస్సులో వాళ్లు చెబితే ఇంకో ఎనిమిది మంది దిగారు.

పెట్టెకు అడ్డంగా కట్టిన గుడ్డ తెర వెనక ఒక్కొక్కరికీ నేనే చెప్పాను: "ముందు మీకు నచ్చింది నొక్కండి. అద్దంలో చూసుకోండి, ఓటంటే అదే. తర్వాత చేతికి ఏ చీటీ కావాలో మీ ఇష్టం." ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. ఒకాయన మాత్రం, "మూడూ తీసుకోవచ్చునా?" అన్నాడు.

"మూడెందుకు?"

"ఇంట్ల నా పెండ్లాం, అత్త, అల్లుడు. ముగ్గురివి మూడు నోళ్లు."

ఆ తెలివికి ముచ్చటపడి నేను కూడా మూడూ తీసి సంచిలో దాచుకున్నాను.

శివమ్మ తెర వెనక చాలాసేపు ఉంది. అద్దం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసుకుని, చిన్నగా నవ్వింది. బయటికొచ్చి, అడగకముందే అత్త చేతిలో చీటీ పెట్టింది. జొన్నరొట్టె. సాయమ్మ దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "గిట్లుండాలె" అని వక్కల సంచిలో దాచింది. తర్వాత తను వెళ్లి, తనూ రొట్టె చీటీతో తిరిగొచ్చి నలుగురికీ చూపించింది.

ఇక డైరెక్టరుగారు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లందరినీ "చీటీ చూపించండి" అని అడిగి కాగితం మీద గీతలు గీశారు. హైదరాబాదు పెద్ద సారు, ఇడ్లీ అంటే ప్రాణం. చూస్తుండగానే ఇడ్లీ గీతలు కాగితం కింది అంచుకు చేరాయి. ఆయన ముఖం వికసించిపోయింది.

పోలింగు ముగిసింది. పెట్టె తెర మీద లెక్క వచ్చింది. ఉగ్గాని మొదటిది, రొట్టె రెండోది. ఇడ్లీకి వచ్చిన ఓట్లు ఒక చేతి వేళ్లకు సరిపోయాయి.

"మిషను తప్పు!" ఆయన కుర్చీలోంచి లేచారు. "నా దగ్గర లెక్కుంది. కళ్లారా చూశాను. మిషనే తప్పు. ఇంతటితో ఆపేద్దాం."

నా రెండేళ్లూ ఆ మాట మీద వేలాడాయి. "పెట్టె తెరుద్దాం సార్" అన్నాను. అందరి ముందూ మూత తీశాం. అంజన్న అద్దం వెనక పడ్డ చీటీలు ఒక్కొక్కటే ఎత్తి పేరు చదివాడు. ఉగ్గాని, ఉగ్గాని, రొట్టె, ఉగ్గాని. చివరి చీటీ దాకా చదివితే తెర మీద ఉన్న లెక్కకూ దానికీ ఒక్క ఓటు తేడా లేదు. చేతికొచ్చే చీటీ మాత్రం ఎవరికి కావలసింది వాళ్లు ఎంచుకున్నదని చెప్పాను.

"అయితే ఇంతమందీ నాకు అబద్ధం చూపించారా?" అన్నారాయన నీరసంగా.

"మీరే అడిగిండ్రు గద సార్" అన్నాడు అంజన్న.

అప్పుడు బజ్జీల సంగతి, గడప సంగతి, తువ్వాల సంగతి చెప్పాను. "ఓటు పడిందో లేదో ఓటరుకు తెలియాలి సార్. ఇంకెవరికీ తెలియకూడదు. మీక్కూడా. మీరే ఇంతసేపు గుమ్మంలో కూర్చుని కనుక్కోలేకపోయారంటే పెట్టె గెలిచినట్టే."

ఆయన టోపీ సర్దుకున్నారు. తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "ఈ పెట్టెనే ముందుకు తీసుకెళ్దాం. ఈ కాగితం సంగతి మాత్రం ఆఫీసులో ఎవరికీ చెప్పకండి" అన్నారు. చెప్పలేదు. రాశానంతే.

సాయమ్మావాళ్లను బస్టాండులో దింపాం. శివమ్మ ముందే ఎక్కి, అత్తకు కిటికీ పక్క సీటు పట్టింది. సాయమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఆగి, వెనక్కి తిరిగి నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"బిడ్డా, ఉగ్గానే గెలిచిందంట గద?"

"అవునమ్మా."

సాయమ్మ నోరంతా తెరిచి నవ్వింది. ఆ నోట్లో మిగిలింది కింద రెండు పళ్లే.

"మెత్తగుంటదంట" అంది. అని, బస్సు లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "దానికి చెప్పకు."

"నాకేం తెలుసని చెప్పనమ్మా? నా చేతిలో ఏముంది?" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బస్సెక్కి, కోడలి పక్కన కూర్చుంది.